గుండె చెవిని మూసేస్తే పక్షవాతం ఆగుతుందా?

యానాం నుంచి పుదుచ్చేరి పట్టణం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. మధ్యలో ఆంధ్రప్రదేశ్ తీరంలో చాలా భాగం, తమిళనాడులో కొంత భాగం దాటాలి. గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న తెలుగు ఊరే అయినా పాలన పరంగా యానాం పుదుచ్చేరిలో భాగం. అందుకే గుండె జబ్బు వస్తే కాకినాడ వెళ్లి సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, గోరిమేడులోని జిప్‌మర్‌కు బయలుదేరడం అక్కడి వారికి కొత్త కాదు.

అలా వెళ్లేవారిలో కొందరి చేతి సంచిలో ఒకేలాంటి వస్తువులు ఉంటాయి: రక్తం పలచబడే మాత్రల అట్ట, పీటీ-ఐఎన్ఆర్ అనే రక్త పరీక్ష చీటీల కట్ట. వారి గుండె లయ తప్పింది. దానివల్ల పక్షవాతం రాకుండా ఈ మాత్ర రోజూ వేసుకోవాలి, పరీక్ష మానకుండా చేయించుకోవాలి. గోంగూర ఒక వారం ఎక్కువ తిన్నా, జలుబుకు ఎవరో చెప్పిన మందు వేసుకున్నా లెక్క తారుమారవుతుంది. ఇలాంటి మనిషికి ఎవరో ఫోనులో ఒక వీడియో చూపిస్తారు. తొడ దగ్గర నరం గుండా చిన్న గొడుగు లాంటి పరికరాన్ని గుండెలోకి పంపి, రక్తం గడ్డకట్టే చోటును మూసేస్తారట, ఇక మాత్రలు అక్కర్లేదట! మరి మనకూ అది చేయించవచ్చు కదా అని కొడుకో కూతురో అడుగుతారు.

అడగవలసిన ప్రశ్నే. కానీ దీనికి జవాబు పరికరం దగ్గర మొదలు కాదు. ఆ మనిషి గుండె కవాటం దగ్గర మొదలవుతుంది.

ఏమిటీ చెవి?

గుండె పైగదులను తెలుగు పాఠ్యపుస్తకాలు కర్ణికలు అంటాయి. కర్ణం అంటే చెవి. పైగది మొత్తం చెవిలా ఏమీ ఉండదు. చెవిలా ఉండేది దాని పక్కన వేలాడే చిన్న సంచి ఒక్కటే. పాతకాలపు లాటిన్ శరీరశాస్త్ర గ్రంథాలు దాన్నే 'చిన్న చెవి' అన్నాయి. ఎడమ పైగదికి అతుక్కుని ఉన్న ఈ సంచి పేరు లెఫ్ట్ ఏట్రియల్ అపెండేజ్. ఎడమ కర్ణిక సంచి అనుకుందాం.

పిండం నాలుగో వారంలో ఉన్నప్పుడు ఏర్పడిన మొదటి ఎడమ కర్ణికలో మిగిలిన ముక్క ఇది. తర్వాత పెరిగిన కర్ణిక గోడ నున్నగా ఉంటుంది. ఈ సంచి లోపల మాత్రం కండరం దువ్వెన పళ్లలా గాట్లు గాట్లుగా ఉంటుంది. ఇది పూర్తిగా పనికిరానిదేమీ కాదు. గుండెలో రక్తం ఎక్కువైనప్పుడు మూత్రం ద్వారా ఉప్పును, నీటిని బయటకు పంపమని మూత్రపిండాలకు చెప్పే హార్మోను కొంత ఇక్కడినుంచే వస్తుంది. ఆకారం ఒక్కొక్కరికి ఒక్కో తీరు. 2012లో 932 మంది రోగుల స్కాన్లను పరిశీలించిన ఒక బృందం వీటిని నాలుగు రకాలుగా విడదీసింది: కోడి రెక్క, నాగజెముడు, గాలి వాటం చూపే గుడ్డసంచి, కాలీఫ్లవర్. దాదాపు సగం మందిలో కనిపించింది కోడి రెక్క. పక్షవాతం వచ్చిన చరిత్ర తక్కువగా కనిపించిందీ ఆ ఆకారం ఉన్నవారిలోనే.

గుండె లయ సరిగ్గా ఉన్నంతకాలం ఈ సంచి కూడా కర్ణికతో పాటు ముడుచుకుంటూ, లోపలి రక్తాన్ని ఎప్పటికప్పుడు బయటకు నెట్టేస్తుంది. చిక్కు వచ్చేది ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో. వైద్యులు దీన్ని క్లుప్తంగా ఏఎఫ్ అంటారు. ఈ జబ్బులో కర్ణిక ముడుచుకోవడం మాని నిమిషానికి కొన్ని వందలసార్లు వణుకుతుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటే దరువుకు, దరువుకు మధ్య ఎడం ఏ రెండుసార్లూ ఒకేలా ఉండదు. వణికే గదిలో రక్తం మందగిస్తుంది. అన్నిటికంటే మందగించేది ఇరుకు మూతి, గాట్లు ఉన్న ఆ సంచిలోనే. గోదావరి పాయ మలుపులో నీరు నిలిచిన చోట ఒండ్రు దిగినట్లు అక్కడ రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊడి బయటపడితే కింది గదిలోకి, అక్కడినుంచి బృహద్ధమనిలోకి, నేరుగా మెదడుకు పోతుంది.

ఏఎఫ్ ఉన్నవారికి పక్షవాతం ముప్పు లేనివారితో పోలిస్తే దాదాపు ఐదు రెట్లని అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో దశాబ్దాల పాటు సాగిన అధ్యయనం 1991లో లెక్క చెప్పింది. గుండె నుంచి వచ్చే గడ్డ పెద్దది కావడంతో మెదడులో అది మూసే రక్తనాళం కూడా పెద్దదే అవుతుంది. అందుకే ఈ రకం పక్షవాతం ప్రాణం తీయడం, మంచాన పడేయడం ఎక్కువ.

ఎలుకల మందు నుంచి ఐఎన్ఆర్ దాకా

గడ్డ కట్టకుండా చూడటానికి పాత మార్గం మాత్ర. దాని పుట్టుక పశువుల దొడ్డిలో జరిగింది. 1920ల్లో ఉత్తర అమెరికాలో చెడిపోయిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు చిన్న గాయానికే రక్తం కారి చనిపోయేవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరుచేసింది. దాని తోబుట్టువు వంటి రసాయనమే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చి, 1950ల్లో మనుషుల మందయింది. మన దేశంలో దీనికంటే ఎక్కువగా వాడేది అదే కుటుంబానికి చెందిన ఎసినోకౌమరాల్. రెండూ విటమిన్ కె పనికి అడ్డుపడి, రక్తం గడ్డకట్టే వేగాన్ని తగ్గిస్తాయి.

మోతాదు తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. మధ్యలో సన్నని గట్టు మీద నడక. ఆ గట్టును కొలిచేదే ఐఎన్ఆర్. మందు వాడనివారికి ఇది 1 దగ్గర ఉంటుంది. ఏఎఫ్ రోగికి 2 నుంచి 3 మధ్య ఉండాలి. పాలకూర, గోంగూర, తోటకూర, మునగాకు వంటి ఆకుకూరల్లో విటమిన్ కె పుష్కలం. ఇక్కడ ఒక అపోహ బాగా పాతుకుపోయింది. ఆకుకూరలు పూర్తిగా మానేయమని వైద్యులు చెప్పినట్లు చాలామంది అనుకుంటారు. మానడం కాదు, వారం వారం దాదాపు ఒకే మోతాదులో తినడం ముఖ్యం. ఆషాఢంలో మునగాకు ఒక్కసారిగా ఎక్కువగా తిని, తర్వాత నెలంతా ముట్టకపోతేనే లెక్క తప్పుతుంది.

ఆకుకూరలు ఒక్కటే కారణమైతే పని తేలికయ్యేది. ఒకే వయసు, ఒకే బరువు, ఒకే తిండి ఉన్న ఇద్దరిలో ఒకరికి సగం మాత్ర సరిపోతే, ఇంకొకరికి మూడు కావలసి రావచ్చు. ఎందుకీ తేడా? ఈ ప్రశ్న మీద పుదుచ్చేరిలో చాలాకాలం పని జరిగింది.

గోరిమేడు ప్రయోగశాలలో

పుదుచ్చేరిలో ఆధునిక వైద్య విద్య ఫ్రెంచివారి కాలం నాటిది. 1823లో అక్కడ వారు వైద్య పాఠశాల పెట్టారు. ఆ పరంపరలోనే వచ్చిన కళాశాల 1964లో జవహర్‌లాల్ పేరుతో స్నాతకోత్తర వైద్య విద్యా పరిశోధన సంస్థగా, అంటే జిప్‌మర్‌గా మారింది. 2008లో పార్లమెంటు చట్టం దీన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించింది.

ఇక్కడి ఫార్మకాలజీ విభాగంలో సి. ఆదితన్, డి. జి. షెవాడె వంటి పరిశోధకులు మందులను శరీరం ఎలా ఖర్చు చేస్తుందో జన్యువుల స్థాయిలో పరిశీలించారు. వార్ఫరిన్ వంటి మందులను కాలేయంలో విరగ్గొట్టే ఎంజైము పేరు సీవైపీ2సీ9. దాన్ని తయారుచేసే జన్యువులో చిన్న మార్పులున్నవారిలో మందు నెమ్మదిగా ఖర్చవుతుంది. అంటే మామూలు మోతాదే వారికి ఎక్కువవుతుంది. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, కేరళ ప్రజల్లో ఈ మార్పులు ఎంత తరచుగా ఉన్నాయో జిప్‌మర్ బృందం లెక్కగట్టి, 2005లో ప్రచురించింది. అప్పటికి పాఠ్యపుస్తకాల్లో ఉన్న లెక్కలు ఎక్కువగా ఐరోపా జనాలవి.

రెండో జన్యువు వీకేఓఆర్‌సీ1. మందు వెళ్లి తగిలే గురి ఇదే. ఈ రెండిటితో పాటు మరికొన్ని జన్యువులను, వయసు, బరువు వంటి వివరాలను కలిపి, దక్షిణ భారతీయ రోగికి వార్ఫరిన్ మోతాదును ముందే అంచనా వేసే సూత్రాన్ని జిప్‌మర్ పరిశోధకులు 2014లో ప్రకటించారు. ఆ పనిలో సంస్థలోని గుండె వైద్యులు, గుండె శస్త్రచికిత్స నిపుణులు, పారిస్‌కు చెందిన శాస్త్రవేత్తలు పాలుపంచుకున్నారు. పుదుచ్చేరికి ఫ్రాన్సుతో ఉన్న పాత చుట్టరికం ఇక్కడ మోతాదు లెక్కలో కలిసింది.

ఇలాంటి సూత్రం రక్త పరీక్షను తప్పించదు. మొదటి వారాల్లో మోతాదు కోసం చీకట్లో తడుముకోవడాన్ని తగ్గిస్తుంది. జన్యు పరీక్ష చేయని చోట కూడా ఒక సంగతి గుర్తుంచుకోవచ్చు. మాత్ర మోతాదు పక్కింటివారిని చూసి పెట్టుకునేది కాదు.

2010 తర్వాత డాబిగాట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ వంటి కొత్త మాత్రలు వచ్చాయి. వీటికి నెలనెలా ఐఎన్ఆర్ అక్కర్లేదు, ఆకుకూరల లెక్కా లేదు. మెదడులో రక్తస్రావం ముప్పు వార్ఫరిన్‌తో పోలిస్తే తక్కువ. ఇప్పుడు మన దేశంలో ఇవి జనరిక్ రూపంలోనూ దొరుకుతున్నాయి. ఇవి ఉన్నా మాత్ర అంటేనే కుదరని మనుషులు కొందరున్నారు. మూత ఆలోచన పుట్టింది వారి కోసమే.

సంచికి మూత

ఈ ఆలోచన పరికరం కంటే చాలా పాతది. 1949లోనే అమెరికా శస్త్రవైద్యుడు జాన్ మాడెన్, గడ్డలు మళ్లీ మళ్లీ రాకుండా ఈ సంచిని కోసి తీసేసిన ఆపరేషన్ల గురించి రాశాడు. ఛాతీ తెరిచి చేసే పని కావడంతో అది పెద్దగా వ్యాపించలేదు. ఛాతీ తెరవకుండా సంచిని మూసే పరికరాన్ని 2001లో జర్మనీలో తొలిసారి మనిషిలో అమర్చారు. మరుసటి ఏడు వాచ్‌మన్ అనే పరికరం వచ్చింది. 2015లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది. అమ్యులెట్ అనే మరో పరికరానికి 2021లో అనుమతి దొరికింది.

పని ఇలా సాగుతుంది. కుడి తొడ మొదట్లోని సిర గుండా సన్నని గొట్టాన్ని గుండె కుడి పైగదిలోకి పంపుతారు. కుడి, ఎడమ పైగదుల మధ్య గోడలో పలచని చోటు ఒకటుంది. అక్కడ సూదితో చిన్న రంధ్రం చేసి ఎడమ గదిలోకి దాటుతారు. ఇదంతా అన్నవాహికలోంచి గుండెను చూసే ఎకో యంత్రం తెరమీద చూస్తూనే. ముందే సంచి మూతి వెడల్పు కొలుస్తారు. అప్పటికే లోపల గడ్డ ఉంటే పని ఆపేస్తారు, ఎందుకంటే గొట్టం తగిలి అది ఊడితే దేన్ని ఆపాలనుకున్నారో అదే జరుగుతుంది. తర్వాత మడిచిన గొడుగును మూతి దగ్గర విప్పుతారు. నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ లోహంతో అల్లిన చట్రం అది. విప్పగానే తన అసలు ఆకారానికి వచ్చి గోడలను పట్టుకుంటుంది. మెల్లగా లాగి చూసి, కదలకపోతే వదిలేస్తారు.

మన దేశపు వైద్యులకు ఇందులో ఒక మెట్టు ముందే బాగా అలవాటు. రెండు పైగదుల మధ్య గోడను సూదితో దాటడం. 1980ల్లో జపాన్ శస్త్రవైద్యుడు కాంజి ఇనోయె ఇరుకైన మిట్రల్ కవాటాన్ని బెలూన్‌తో వెడల్పు చేసే పద్ధతి కనిపెట్టాడు. ఇరుకు కవాటాల రోగులు ఎక్కువగా ఉన్న భారతదేశంలో, జిప్‌మర్ వంటి ప్రభుత్వ ఆసుపత్రులతో సహా, ఆ పద్ధతి విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. దానికీ గోడ దాటాల్సిందే. సంపన్న దేశాల్లో కొత్తగా నేర్చుకోవలసి వచ్చిన ఈ నేర్పు పేదల జబ్బు పుణ్యమా అని ఇక్కడ ముందే వచ్చింది.

అమర్చిన రోజే మాత్రలు ఆగిపోవు. వీడియోల్లో చెప్పని మాట ఇదే. గుండె లోపలి పొర పరికరం మీదికి పాకి దాన్ని కప్పేయడానికి కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు పరికరం మీదే గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. మొదటి పరీక్షల్లో 45 రోజులు వార్ఫరిన్, ఆస్పిరిన్ ఇచ్చి, మళ్లీ ఎకో చేసి సరిగ్గా మూసుకుందని చూశాకే వార్ఫరిన్ ఆపారు. ఆ తర్వాత ఆరు నెలల దాకా క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్. పిదప ఆస్పిరిన్. రక్తస్రావం ముప్పు ఎక్కువగా ఉన్నవారికి వైద్యులు ఈ క్రమాన్ని కుదిస్తారు గాని, మందు లేని చికిత్స మాత్రం కాదు.

ఫలితాల సంగతి. 2009లో వెలువడిన మొదటి పెద్ద పరీక్షలో 707 మంది ఉన్నారు. పక్షవాతం, గుండె సంబంధ మరణం, శరీరంలో మరోచోటికి గడ్డ పోవడం అన్నీ కలిపి చూస్తే, మూత వార్ఫరిన్‌కు తీసిపోలేదు. కాని దాదాపు ఇరవైమందిలో ఒకరికి గుండె చుట్టూ ఉన్న పొరలోకి తీవ్రంగా రక్తం చేరింది. వైద్యుల చేయి తిరిగే కొద్దీ ఇది తగ్గింది. అమెరికాలో 2016 నుంచి 2018 వరకు నమోదైన 38 వేలకు పైగా కేసుల్లో, చికిత్స అవసరమైన అలాంటి రక్తస్రావం 1.39 శాతం. 2020లో వచ్చిన చెక్ దేశపు పరీక్షలో 402 మంది మీద కొత్త మాత్రలతో పోల్చినప్పుడు కూడా మూత తీసిపోలేదు.

ఆ తర్వాత ఉత్సాహానికి పగ్గం వేసిన వార్త వచ్చింది. జర్మనీలో చేసిన క్లోజర్-ఏఎఫ్ పరీక్ష ఫలితాలు 2025 నవంబరులో వెల్లడయ్యాయి. పక్షవాతం ముప్పు, రక్తస్రావం ముప్పు రెండూ ఎక్కువగా ఉన్న వృద్ధులను తీసుకున్న ఆ పరీక్షలో, మంచి మందుల చికిత్సకు మూత తీసిపోదని నిరూపించలేకపోయారు. మూత ఎవరికి బాగా పనికొస్తుందని అనుకున్నారో ఆ కోవలోని వారిమీదే ఈ ఫలితం వచ్చింది. కాబట్టి మూత వేసేస్తే సరిపోతుందన్న ధీమాకు ఇప్పుడు ఆధారం లేదు.

అసలు ప్రశ్న కవాటానిది

ఇప్పుడు యానాం మనిషి దగ్గరికి వద్దాం. పైన చెప్పిన పరికర పరీక్షలన్నీ ఒక రకం ఏఎఫ్ మీద జరిగాయి. వయసు, రక్తపోటు, మధుమేహం వల్ల వచ్చే రకం. పాశ్చాత్య దేశాల్లో ఇది ఎక్కువగా ముసలితనపు జబ్బు. మన దేశంలో రెండో రకం ఇంకా బలంగా ఉంది. చిన్నప్పుడు గొంతునొప్పి కలిగించే స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా సోకి, దాని వెనుక రుమాటిక్ జ్వరం వచ్చి, మిట్రల్ కవాటం బిరుసెక్కి ఇరుకవుతుంది. రక్తం కిందికి దిగడం కష్టమై ఎడమ పైగది ఉబ్బుతుంది. ఉబ్బిన గది లయ తప్పుతుంది. ఇరుకిళ్లలో, పేదరికంలో పెరిగిన పిల్లలకు ఎక్కువగా వచ్చి, వయసులో ఉన్నప్పుడు దెబ్బతీసే జబ్బిది. రోగుల్లో ఆడవారే ఎక్కువ.

భారత హార్ట్ రిథమ్ సొసైటీ 24 కేంద్రాల్లో నమోదుచేసిన 1,537 మంది ఏఎఫ్ రోగుల సగటు వయసు 54.7 ఏళ్లు. వారిలో 47.6 శాతం మందికి రుమాటిక్ గుండె జబ్బు ఉంది. దాదాపు సగం!

ఆ సగానికి మూత ఎందుకు సరిపోదు? 1996లో ఇద్దరు అమెరికా వైద్యులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కూర్చి ఒక లెక్క తేల్చారు. రుమాటిక్ జబ్బు లేని ఏఎఫ్‌లో ఎడమ పైగది గడ్డల్లో 91 శాతం ఈ సంచిలోనే ఉన్నాయి. రుమాటిక్ జబ్బు ఉన్నవారిలో 57 శాతమే. మిగతా 43 శాతం గడ్డలు ఉబ్బిన గదిలో సంచికి బయటే ఉన్నాయి. సంచి మూతి ఎంత బాగా బిగించినా, బయట కట్టే గడ్డను అది ఆపలేదు. ఒక తలుపుకు తాళం వేసి పక్క తలుపు తెరిచి ఉంచినట్టే. కవాటం ఓ మోస్తరుగానో తీవ్రంగానో ఇరుకైనవారిని, లోహపు కవాటం అమర్చుకున్నవారిని ఈ పరికరానికి తగినవారిగా పరిగణించకపోవడానికి కారణం ఇదే.

కొత్త మాత్రలైనా వారికి పనికొస్తాయా? 2022లో వెలువడిన ఇన్విక్టస్ పరీక్ష ఈ ప్రశ్నకే జవాబు వెతికింది. భారతదేశంతో సహా 24 దేశాల్లో నాలుగున్నర వేల మందికి పైగా రుమాటిక్ ఏఎఫ్ రోగులు పాల్గొన్నారు. నాయకత్వం వహించినవారిలో దిల్లీ ఎయిమ్స్ గుండె వైద్యుడు జి. కార్తికేయన్ ఒకరు. రివరాక్సబాన్ పాత మందుకు తీసిపోదని చాలామంది అనుకున్నారు. జరిగింది వేరు. రివరాక్సబాన్ వాడినవారిలో 552 మంది చనిపోతే, పాత మందు వాడినవారిలో 442 మంది. అదీ పాత మందు వాడినవారి ఐఎన్ఆర్ ఎప్పుడూ గట్టు మీదే లేకపోయినా. తరచూ పరీక్షకు రావడం, వైద్యుడి కంటపడుతూ ఉండటం కూడా ఈ తేడాకు కొంత కారణం కావచ్చని కొందరు నిపుణుల ఊహ.

అంటే ఇరుకు కవాటం ఉన్న మనిషికి ఇప్పటికీ దిక్కు ఆ పాత మాత్ర, ఆ ఐఎన్ఆర్ చీటీ. ఎలుకల మందు చుట్టం అని నవ్వుకున్నా సరే. గోరిమేడులో మోతాదు సూత్రం కోసం పడ్డ శ్రమ విలువ ఇక్కడ తెలుస్తుంది. మూత చికిత్సకు లక్షల్లో ఖర్చవుతుంది, కొద్దిమందికే అందుతుంది. మాత్రను సరైన మోతాదులో ఉంచగలిగితే ఊరూరా మేలు.

కవాటం బాగున్నవారి సంగతి వేరు. 2010లో రూపొందిన ఒక స్కోరు పద్ధతితో వైద్యులు ముందు పక్షవాతం ముప్పును లెక్కిస్తారు. గుండె నీరసం, రక్తపోటు, మధుమేహం, రక్తనాళాల జబ్బు ఒక్కొక్కదానికి ఒక పాయింటు. 65 దాటితే ఒకటి, 75 నిండితే రెండు. ఇదివరకు పక్షవాతం వచ్చి ఉంటే రెండు. మొదటి పద్ధతిలో స్త్రీలకు ఒక పాయింటు అదనం, 2024 ఐరోపా మార్గదర్శకాలు దాన్ని తీసేశాయి. ముప్పు ఎక్కువని తేలితే మొదట ఆలోచించేది మాత్రే. మెదడులో ఒకసారి రక్తస్రావమై అది మళ్లీ వచ్చే అవకాశం ఉన్నవారు, పేగుల్లోంచి పదేపదే రక్తం పోతూ దానికి చికిత్స కుదరనివారు, అంటే మాత్ర తీసుకోలేనివారే మూతకు మొదటి అర్హులు. 2023 నాటి అమెరికా మార్గదర్శకాలు ఇలాంటివారికి మూత సమంజసమే అన్నాయి. ఐరోపావి ఇంకాస్త వెనుకాడుతూ 'ఆలోచించవచ్చు' అన్నాయి. మాత్ర తీసుకోవడం ఇష్టం లేకపోవడానికి, తీసుకోలేకపోవడానికి మధ్య తేడా ఉంది. వైద్యుడి గదిలో ఎక్కువసేపు మాట్లాడుకోవలసింది దాని గురించే.

సంచిని మూయడానికి నిస్సందేహంగా మంచి సందర్భం ఒకటుంది. ఏఎఫ్ ఉన్న మనిషికి వేరే కారణంతో ఎలాగూ గుండె ఆపరేషన్ జరుగుతుంటే, ఛాతీ తెరిచే ఉంటుంది కాబట్టి శస్త్రవైద్యుడు సంచిని కుట్టేయవచ్చు లేదా కోసేయవచ్చు. 2021లో వెలువడిన లాస్-3 పరీక్షలో సుమారు 4,800 మందిని రెండు గుంపులుగా చేసి దాదాపు నాలుగేళ్లు చూశారు. సంచి మూసినవారిలో 4.8 శాతం మందికి, మూయనివారిలో 7 శాతం మందికి పక్షవాతమో, శరీరంలో మరోచోట గడ్డ అడ్డుపడటమో జరిగింది. వీరిలో మూడొంతుల మందికి పైగా ఆపరేషన్ తర్వాతా మాత్రలు కొనసాగించారు. అంటే మూత మాత్రకు బదులుగా కాదు, మాత్రకు తోడుగా మేలు చేసింది. కాబట్టి ఏఎఫ్ ఉండి బైపాసో, కవాటం ఆపరేషనో చేయించుకోబోతున్నవారి ఇంటివారు ఆ సంచి సంగతి కూడా చూస్తారా అని శస్త్రవైద్యుణ్ణి అడగవచ్చు. మన మాట పిచ్చిదనుకుంటారేమోనని సంకోచించనక్కర్లేదు. రెండు మార్గదర్శకాలూ ఇప్పుడు దీన్ని గట్టిగా సిఫారసు చేస్తున్నాయి.

2024 ఫిబ్రవరిలో యానాంలో జిప్‌మర్ తన బహుళ వైద్య సేవల విభాగాన్ని 90 పడకలతో ప్రారంభించింది. ఐఎన్ఆర్ చీటీ చూసి మోతాదు అర మాత్ర పెంచాలా తగ్గించాలా అని చెప్పే మనిషి ఊళ్లో ఉంటే, అందుకోసం రాత్రంతా రైల్లో కూర్చోనక్కర్లేదు. దూరప్రయాణం బెలూన్ చికిత్సకో, ఆపరేషన్‌కో మిగులుతుంది.

వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు ఎకో రిపోర్టు, వాడుతున్న మందులన్నిటి పేర్లు, గత ఆరు ఐఎన్ఆర్ ఫలితాలు తీసుకెళితే మంచిది. ఎకో రిపోర్టులో మిట్రల్ కవాటం గురించి రాసిన వాక్యం దగ్గర వేలు పెట్టి, ఇది ఇరుకైందా, ఎంత ఇరుకైంది అని ముందు అడగాలి. మూత గురించి అడిగే ప్రశ్న దాని తర్వాతే వస్తుంది. మూతి పక్కకు లాగినా, చేయి పడిపోయినా, మాట ముద్దయినా ఈ కాగితాలన్నీ వెతుకుతూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోను చేయాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారని మాత్రం ఆసుపత్రిలో అడుగుపెట్టగానే చెప్పాలి. ఐఎన్ఆర్ ఎక్కువగా ఉంటే ఆ ఇంజెక్షన్ ఇవ్వరు.